బడికెళ్లని మిరియం, బండల మీది నత్తలు

పోయిన వేసవిలో విశాఖపట్నంలో మా ఆడపడుచు ఇంటికి వెళ్లాం. ఓ సాయంత్రం సముద్రం ఒడ్డున బండల మీద కూచున్నాం. పెద్దవాళ్లం కబుర్లలో ఉండగా మా అమ్మాయి బండ పగుళ్లలో అతుక్కుని ఉన్న నత్తల్ని ఒక్కొక్కటే ఊడదీసి ఐస్‌క్రీం కప్పులో వేస్తోంది. ఒక్కోటీ బఠాణీ గింజంత ఉంది. వాటిలో ఒకటి మాత్రం మిగతావాటికన్నా కాస్త పెద్దది. ఇది బాగా తిన్నట్టుంది, ఆరోగ్యంగా ఉంది అని మా ఆడపడుచు మెచ్చుకుంది. నాకు నవ్వొచ్చింది. నత్త పెద్దగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే అనుకోవడానికి లేదని నేనీమధ్యే చదివాను మరి. ఆ సంగతి బయటపెట్టినావిడ కథ ఆ సాయంత్రం వాళ్లిద్దరికీ చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతాను.

నాలాగా బీజడ్‌సీ గ్రూపుతో డిగ్రీ చదివినవాళ్లకి ఒక ప్రశ్న బాగా గుర్తుండి ఉంటుంది. గొర్రెల కార్జంలో చేరే ఫాసియోలా అనే పురుగు జీవిత చక్రాన్ని పటంతో సహా వివరించమని అడిగేవారు. గుడ్డు, మిరాసీడియం, స్పోరోసిస్టు, రీడియా, సెర్కేరియా... నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాళ్లం. మన పల్లెల్లో గొర్రెల కాపరులు కార్జపు జలగ అనేది దీన్నే. రికార్డు పుస్తకంలో ఆ పటం గీసేటప్పుడు ఓ మూల నత్త బొమ్మ కూడా వేసేవాళ్లం. ఎందుకంటే ఆ పురుగు పిల్లలు పెరిగేది చెరువు నత్త ఒంట్లోనే. అంతటితో నత్తతో మా పని అయిపోయేది. ఇంతకీ ఆ నత్త గతేమిటి అని మా క్లాసులో ఒక్కరం కూడా అడగలేదు. మార్కులన్నీ పురుగుకే కదా!

అలాంటి ప్రశ్న వేసుకుని, దాని కోసం ఏళ్ల తరబడి కూచున్న మనిషి మిరియం రోత్స్‌చైల్డ్. 1908లో ఇంగ్లండులో పుట్టింది. 2005 జనవరిలో తన 96వ ఏట కన్నుమూసింది. మనలో చాలామందికి ఉన్న డిగ్రీ కాగితం ఆవిడకి లేదు. చిన్నప్పుడు అసలు బడికే వెళ్లలేదు.

అంటే బీదింటి పిల్లేమో అనుకునేరు. యూరప్‌లో రోత్స్‌చైల్డ్ అన్న ఇంటిపేరు బ్యాంకులకి మారుపేరు. మనం కుబేరుడు అన్నట్టు అక్కడివాళ్లు ఆ పేరు వాడతారు. యూదుల కుటుంబం. తండ్రి చార్లెస్ పగలు బ్యాంకు పని చూసుకునేవాడు గాని, మనసంతా పురుగుల మీదే. అందులోనూ కుక్కల మీదా, పిల్లుల మీదా, ఎలుకల మీదా బొచ్చులో గెంతుతూ నెత్తురు తాగే ఫ్లీ అనే చిన్న పురుగులంటే ఆయనకి ప్రాణం. వాటిలో కొత్త రకాలు దాదాపు 500 వర్ణించి పేర్లు పెట్టాడు. ఎలుకల మీద నుంచి మనుషులకి ప్లేగు తెచ్చే ఫ్లీ ఉంది చూశారూ, 1903లో దానికి పేరు పెట్టింది కూడా ఆయనే. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు మన దేశంలో ఎన్ని లక్షల మందిని పొట్టన పెట్టుకుందో మన ముత్తాతల తరానికి తెలుసు. ఆ చావులకి వాహనమైన పురుగు అదే.

పెదనాన్న వాల్టర్ ఇంకో తరహా మనిషి. ట్రింగ్ అనే ఊళ్లో సొంతంగా జంతు మ్యూజియమే పెట్టాడు. బండికి గుర్రాలకి బదులు జీబ్రాలు కట్టి లండను వీధుల్లో తోలాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల నాలుగేళ్లకే అక్షింతల పురుగులూ గొంగళి పురుగులూ పోగుచేసిందంటే ఆశ్చర్యం లేదు.

మరి బడి? బడి చదువు పిల్లల కుతూహలాన్ని చంపేస్తుందని తండ్రి నమ్మకం. ఆడపిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పించాడు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ ఇంట్లో ఒక్కగానొక్క మగపిల్లాడు విక్టర్ మాత్రం హారో స్కూలుకీ, అటునుంచి కేంబ్రిడ్జికీ వెళ్లాడు. కుతూహలం చచ్చిపోతుందన్న భయం కొడుకు దగ్గర పనిచేయలేదన్నమాట! ఎంత గొప్ప ఇల్లయినా కొన్ని లెక్కలు మన ఇళ్లలో లెక్కల్లాగే ఉంటాయి.

మిరియంకి 15 ఏళ్లప్పుడు, 1923లో, తండ్రి పోయాడు. మెదడుకి సోకిన జబ్బుతో ఏళ్ల తరబడి బాధపడి చివరికి తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ దెబ్బకి ఆ పిల్ల పురుగుల్నీ, పూలనీ అన్నిటినీ పక్కన పెట్టేసింది. నాన్నతో కలిసి చూసినవి నాన్న లేకుండా చూడలేకపోయింది కాబోలు.

మళ్లీ ఆమెని ఇటు తిప్పింది ఒక కప్ప. తమ్ముడు సెలవులకి వచ్చినప్పుడు బళ్లో ఇచ్చిన పని, కప్పని కోసి లోపలి భాగాలు చూడటం. సాయానికి అక్కని పిలిచాడు. కప్ప పొట్టలో నెత్తురు నాళాలూ, అవయవాలూ అమర్చిన తీరు చూసి ఆమె మనసు మళ్లీ అటే లాగింది. తమ్ముడి హోంవర్కు అక్కకి దారి చూపించింది. 17 ఏళ్లు వచ్చాక పట్టుబట్టి లండనులో చెల్సీ పాలిటెక్నిక్‌లో జంతుశాస్త్రం సాయంకాలం క్లాసులకి వెళ్లింది. డిగ్రీ మాత్రం తీసుకోలేదు. తర్వాత కొన్నాళ్లు ఇటలీలో నేపుల్స్ సముద్ర పరిశోధనశాలలో పనిచేసి, 1930లలో ఇంగ్లండు దక్షిణ తీరంలోని ప్లిమత్ పరిశోధనశాలకి చేరింది.

అక్కడ ఆమె గుల్లలున్న జీవుల మీద పని మొదలెట్టింది. ఎక్కువకాలం పట్టలేదు, గుల్ల లోపలి ప్రాణికన్నా ఆ ప్రాణి లోపలున్న ఇంకో ప్రాణి ఆమెని పట్టేసింది. మన కార్జపు జలగకి దగ్గర చుట్టాలైన ట్రెమటోడు పురుగులవి. వాటి కాపురం సముద్రంలో ఎలా సాగుతుందో ఒక్కటి చెబుతాను, వింటే వంటింట్లో పప్పు మాడినా లేవరు.

రాళ్ల ఒడ్డున సముద్రపు కాకి వాలుతుంది. దాని పేగుల్లో పురుగు గుడ్లు పెడుతుంది. కాకి రెట్టతో గుడ్లు బండ మీద పడతాయి. బండ మీది పాచిని గీక్కుతినే పెరివింకిల్ అనే నత్త ఆ పాచితోపాటు గుడ్లనీ మింగుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల నత్త ఒంట్లో చేరి ఒకటి వందలై, వందలు వేలై, చివరికి తోకలున్న సన్నటి పిల్లలుగా నీళ్లలోకి ఈదుకుంటూ వస్తుంది. అవే సెర్కేరియాలు. వాటికి ఆయుష్షు కొద్దిసేపే. ఈలోగా ఒక చేప దొరకాలి. దొరికితే చర్మంలోకి దూరి, తోక వదిలేసి, చిన్న గూడు కట్టుకుని పడుకుంటాయి. చేప ఒంటి మీద అవి నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. ఆ చేపని సముద్రపు కాకి తింటే కథ మళ్లీ మొదటికి. ఒక్క పురుగు బతకడానికి కాకీ, నత్తా, చేపా మూడూ కావాలి. ఎక్కడ గొలుసు తెగినా అంతే సంగతులు.

ఇక మన ప్రశ్నకి వద్దాం. నత్త గతేమిటి?

పురుగులు నత్త ఒంట్లో గుడ్లు తయారయ్యే భాగాన్నే తినేసి, ఆ చోటంతా తమ పిల్లలతో నింపేస్తాయి. నత్త చావదు. పాకుతుంది, పాచి తింటుంది. కానీ దానికి ఇక సంతానం ఉండదు. తిన్న తిండి తన గుడ్లకి కాకుండా పురుగు పిల్లలకి పోతుంది. పరాన్నజీవి అన్న మాటకి ఇంతకన్నా సరైన ఉదాహరణ దొరకదు.

మిరియం ఇంకో విచిత్రం గమనించింది. ఒడ్డు బురదలో ఉండే పెరింజియా అనే నత్తలుంటాయి, బియ్యపు గింజంత ఉంటాయంతే. వాటిలో పురుగు పట్టినవి ఆరోగ్యంగా ఉన్నవాటికన్నా పెద్దగా పెరగడం ఆమె కంటబడింది. గుల్ల ఆకారంలో కూడా తేడాలున్నాయి. గుడ్లు పెట్టే పని తప్పిపోయాక, దానికి ఖర్చయ్యే శక్తి గుల్ల పెరగడానికి మళ్లుతోందన్నమాట. 1936లో ఈ సంగతి అచ్చువేసింది. 1941లో బండల మీద అలలు ఎగిరి తడిపేంత ఎత్తులో బతికే చిన్న పెరివింకిల్ నత్తల మీద మరో వ్యాసం రాసింది. తర్వాత వచ్చినవాళ్లు ఇంకా చాలా రకాల నత్తల్ని చూసి, అన్నిట్లోనూ ఇలా జరగదనీ, కొన్ని నత్తలు పురుగు పట్టాక పెరగడం మందగిస్తాయనీ తేల్చారు. కానీ ఆ వెతుకులాటకి దారి వేసింది ఆమె.

చెప్పడానికి నాలుగు ముక్కలే గాని, చేయడం మాటలు కాదు. బయటికి చూస్తే ఏ నత్తకి పురుగు పట్టిందో తెలీదు. ఒక్కో నత్తని విడిగా ఒక్కో గిన్నెలో సముద్రపు నీళ్లలో వేసి, సెర్కేరియాలు బయటికి వస్తాయేమోనని కాచుకుని కూచోవాలి. వందల గిన్నెలు, వందల నత్తలు. నీళ్లు మార్చాలి, తిండి పెట్టాలి, కొలవాలి, రాసుకోవాలి. పురుగు పట్టిన పెరివింకిల్ ఒకదాన్ని ఐదేళ్లకి పైగా తొట్టెలో బతికించి, అది రోజుకెన్ని సెర్కేరియాల్ని వదులుతోందో లెక్కపెట్టి 1940లో ప్రకటించింది. ఇందులో ఇంకో మహిళ కూడా తోడుంది. మొదట్లో రోజుకి 3,000కు పైగా, ఐదేళ్ల తర్వాత కూడా రోజుకి 800కు పైగా! ఒక్కసారి సోకింది ఇన్నేళ్లు నడిచిందంటే, నత్త దాదాపు జీవితమంతా ఆ పురుగుకి ఊడిగం చేస్తుందన్నమాట.

చంటిపిల్లల్ని చూసుకున్నట్టు నత్తల్ని చూసుకోవాల్సి వచ్చేసరికి ఆమె ఎక్కడికీ కదల్లేకపోయింది. ఇంతలో రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1941 మార్చిలో జర్మనీ విమానాలు ప్లిమత్ మీద బాంబుల వాన కురిపించాయి. పరిశోధనశాల దెబ్బతింది. ఆమె నత్తలూ, తొట్టెలూ, రాసుకున్న నోట్సూ పోయాయి. దాదాపు ఏడేళ్ల పని ఒక్క రాత్రిలో ఊడ్చుకుపోయింది.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఊరుకున్నాను. పిల్లల పెళ్లికని దాచిన సొమ్ము పోతే కుప్పకూలిన ఇళ్లని చూశాం. రాసుకున్నది పోవడం ఎంత బాధో కథలు రాసుకునే నాకు కొంచెం తెలుసు. ఆమె ఏడ్చిందో లేదో గాని, తర్వాతి రోజుల్లో ఈ సంగతి చెప్పేటప్పుడు మరో కోణం చెప్పింది. తాను ఆ పురుగులకి బానిసైపోయాననీ, అన్నీ పోయాకే విడుదలైనట్టు అనిపించిందనీ. నత్తని పురుగు పట్టుకున్నట్టు తనని ఈ పని పట్టుకుందని ఆమెకే అర్థమైంది. మనసు పెట్టే పనికీ, మనిషిని తినేసే పనికీ మధ్య గీత ఎంత సన్నంగా ఉంటుందో చూడండి.

అలాగని ఊరికే కూచోలేదు. యుద్ధానికి ముందూ, యుద్ధకాలంలోనూ జర్మనీ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన యూదు పిల్లలకి తన ఆష్టన్ వోల్డ్ ఇంట్లో చోటిచ్చింది. బ్లెచ్‌లీ పార్కులో శత్రువుల రహస్య సంకేతాలు విప్పే బృందంలో రెండేళ్లు పనిచేసింది. 1943లో హంగరీ నుంచి వచ్చి బ్రిటిషు సైన్యంలో చేరిన జార్జ్ లేన్‌ని పెళ్లాడింది. కన్నపిల్లలు నలుగురు, పెంచుకున్నవాళ్లు ఇద్దరు. ఆరుగురు పిల్లల తల్లి! 1957లో భార్యాభర్తలు విడిపోయారు.

పిల్లలున్న ఇంటి నుంచి రోజూ పరిశోధనశాలకి పోవడం కుదరదు. అందుకని ఇంట్లో కూచుని చేయగల పని ఎంచుకుంది. తండ్రి పోగుచేసి మ్యూజియానికిచ్చిన ఫ్లీ పురుగుల్ని వరస పెట్టి వర్ణించే పని. ఆమెకి ఎటూ నిద్ర తక్కువ. పిల్లలు పడుకున్నాక మైక్రోస్కోపు ముందు కూచునేది. జి.హెచ్.ఇ. హాప్కిన్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1953 నుంచి 1971 వరకు ఆ జాబితాని ఐదు పెద్ద సంపుటాలుగా తెచ్చింది. 1952లో థెరిసా క్లే అనే స్నేహితురాలితో కలిసి పక్షుల మీద బతికే పరాన్నజీవుల గురించి మామూలు పాఠకుల కోసం ఒక పుస్తకం రాసింది. నత్తల కథ అందులో చోటు చేసుకుంది. బాంబుల్లో పోయిందంతా వృథా కాలేదు.

ఆమె చూసిన వింతల్లో మన ఆడవాళ్లకి నచ్చేది ఇంకోటుంది. కుందేళ్ల మీద ఉండే ఫ్లీ తనంతట తాను గుడ్లు పెట్టలేదు. అది ఉన్న కుందేలు చూలుతో ఉండాలి. కాన్పు దగ్గరపడేకొద్దీ తల్లి కుందేలు నెత్తుట్లో వచ్చే హార్మోన్ల మార్పుకి ఫ్లీ కూడా గుడ్లకి సిద్ధమవుతుంది. కుందేలు ఈనగానే కూనల మీదికి దూకి, ఆ గూట్లోనే గుడ్లు పెడుతుంది. తల్లి నెత్తురు తాగే పురుగు తల్లి నెలలు కూడా లెక్కపెట్టుకుంటుందన్నమాట! ఇది 1960లలో తేల్చిన సంగతి.

అలాగే సీతాకోకచిలుకలు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదమని మన పిల్లలకి చెబుతాం కదా. అమెరికాలో ఆ కుటుంబానికే చెందిన మొక్కల్ని తిని పెరిగే మోనార్క్ అనే సీతాకోకచిలుక, ఆ మొక్కల్లో గుండెకి హాని చేసే విషాన్ని తన ఒంట్లో దాచుకుని పక్షుల నుంచి తప్పించుకుంటుంది. నోబెల్ బహుమతి పొందిన రైక్‌స్టైన్‌తో కలిసి ఆ విషాల్ని సీతాకోకచిలుకల ఒంట్లోంచి వేరు చేసి చూపించినవాళ్లలో మిరియం ఒకరు.

డబ్బున్నదీ కాబట్టి చేసింది, మనకెక్కడ కుదురుతుంది అని మా ఆడపడుచు అననే అంది. నిజమే. మైక్రోస్కోపు కొనడానికీ, పిల్లల్ని చూసే మనుషుల్ని పెట్టుకోవడానికీ ఆమె ఎవరినీ దేబిరించక్కర్లేదు. ఉద్యోగం కోసం అర్జీ పెట్టక్కర్లేదు. ఆ మాట దాచి ఈ కథ చెబితే అబద్ధమే అవుతుంది. కానీ వందల గిన్నెల ముందు కూచుని నత్తల్ని కొలవడం డబ్బిచ్చి చేయించుకున్న పని కాదు. డబ్బు ఆమెకి తీరిక ఇచ్చింది. ఓపిక ఆమెదే.

లోకం గుర్తించడానికి టైము పట్టింది. లండను నేచురల్ హిస్టరీ మ్యూజియానికి ధర్మకర్తగా ఎంపికైన మొదటి మహిళ ఆమే, 1967లో. రాయల్ సొసైటీ సభ్యత్వం 1985లో, 77వ ఏట వచ్చింది. బడికెళ్లని మనిషికి ఆక్స్‌ఫర్డూ కేంబ్రిడ్జితో సహా ఎనిమిది విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లిచ్చాయి. 2000లో డేమ్ బిరుదు. మనసు చెదిరే జబ్బుతో బాధపడిన చెల్లెలి కోసం స్కిజోఫ్రీనియా పరిశోధనకి 1962లో నిధి పెట్టింది. ముసలితనంలో తలకి రుమాలు చుట్టుకుని, పచ్చిక కోయించకుండా వదిలేసి, అడవి పూల విత్తనాలు పోగుచేస్తూ గడిపింది. ఆమె ఇల్లంతా తీగలు అల్లుకుని కిటికీలు కూడా సరిగా కనిపించేవి కావట.

ఇక ఆ నత్తల పురుగుల సంగతి. 2008లో అమెరికా పడమటి తీరంలో కొందరు శాస్త్రవేత్తలు ఉప్పునీటి కయ్యల్లో ఉన్న జీవులన్నిటినీ తూచి లెక్క కట్టారు. నత్తల్లోనూ మిగతా జీవుల్లోనూ దాగిన పరాన్నజీవుల మొత్తం బరువు అక్కడ తిరిగే పక్షుల మొత్తం బరువుకన్నా ఎక్కువ తేలింది. మనం కొంగల్నీ సముద్రపు కాకుల్నీ చూసి అదే తీరం అనుకుంటాం. అసలు జనాభా గుల్లల్లో ఉందన్నమాట. ఆ లోకాన్ని మిరియం 1930లలోనే చూసింది.

నా జువాలజీ రికార్డు ఇప్పుడు లేదు. ఎమ్మెస్సీ చదవాలని ఉండేది, పెళ్లి కుదిరింది. మూడో ఇల్లు మారేటప్పుడు పాత పేపర్లతోపాటు కిలోల లెక్కన నేనే అమ్మేశాను. ఎవరూ బాంబు వేయలేదు. ఫాసియోలా పటం ఎంత అందంగా వేశానో, నత్తకి చుట్టలు ఎంత జాగ్రత్తగా గీశానో ఆ సాయంత్రం బండ మీద కూచుంటే గుర్తొచ్చింది.

కథంతా విన్నాక మా అమ్మాయి కప్పులోని పెద్ద నత్తని అరచేతిలో పెట్టుకుని, మరి దీనికి పురుగు పట్టిందా అమ్మా అని అడిగింది. బయటికి చూస్తే తెలీదన్నాను. మంచినీళ్ల గ్లాసు ఖాళీ చేసి సముద్రపు నీళ్లు పోసి ఆ ఒక్క నత్తనే అందులో వేశాం. చీకటి పడేదాకా ఇద్దరం గ్లాసులోకి చూస్తూ కూచున్నాం. మాకేమీ కనిపించలేదు. నత్త మాత్రం మెల్లగా గ్లాసు గోడెక్కింది. దాన్ని మళ్లీ దాని పగుల్లోనే పెట్టి ఇంటికొచ్చాం. ఆటోలో కూచున్నాక, ఈసారి వచ్చేటప్పుడు భూతద్దం తెచ్చుకుందాం అంది మా అమ్మాయి.

మర్నాడే కొన్నాను.